అనంతపురంలో చదువుకుంటూ కౌన్సెలింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి? ఒక బీటెక్ కుర్రాడికి నా జవాబు

అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం చదివే అబ్బాయి అడిగాడు. హాస్టల్లో ఉంటాడు, మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, రెండు నెలలుగా నిద్ర సరిగా లేదు, అన్నం సయించడం లేదు, క్లాసుకి వెళ్లాలంటే కడుపులో తిప్పుతుంది. నాన్న శెనక్కాయ రైతు, ఈసారి పంట సరిగా రాలేదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీలో డబ్బులు కట్టమంటున్నారు. "మేడం, కౌన్సెలింగ్ అంటే ఎక్కడికి పోవాలి, ఎంతవుతుంది, ఇంట్లో తెలిసిపోతుందా, రేపు ఉద్యోగానికి అడ్డమొస్తుందా, మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనా" అని ఒక్క గుక్కలో అడిగేశాడు. చివర్లో, ఏదో ఊరికే అన్నట్టు, "నేను లేకపోతే ఇంట్లో ఒక ఖర్చన్నా తగ్గుతుంది అనిపిస్తోంది" అని కూడా రాశాడు.

చాలా ఏళ్లుగా అనంతపురం, కడప కాలేజీల పిల్లలతో మాట్లాడే పనిలో ఉన్నాను కాబట్టి వివరంగానే చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాయనా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం, మిగతావన్నీ తర్వాత. ఖర్చు తగ్గుతుందన్న లెక్క నీది కాదు, నిద్ర లేని బుర్ర వేసే లెక్క. రెండు నెలలు సరిగా నిద్రపోని మనిషికి ఇలాంటి ఆలోచనలు రావడం మేం రోజూ చూసేదే, అవి వచ్చినంత మాత్రాన నువ్వు పిరికివాడివో చెడ్డవాడివో అయిపోవు. కానీ వాటిని ఒక్కడివే మోయకూడదు. ఈ రోజే 14416 కి, అంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరుకి ఫోన్ చెయ్, రూమ్‌లో ఉన్న వాళ్లలో నీకు నమ్మకమున్న ఒకరికి "నాకు ఇలాంటి ఆలోచనలొస్తున్నాయిరా, ఈ నాలుగు రోజులు నన్ను ఒంటరిగా వదలకండి" అని ఆ మాటలతోనే చెప్పు. అవి ఊరికే వచ్చి పోవడం కాకుండా, ఎలా, ఎప్పుడు అన్నదాకా వస్తే మాత్రం ఓపీ ఎప్పుడు తెరుస్తారా అని చూడకుండా ఆ గంటలోనే స్నేహితుణ్ణి తీసుకుని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లిపో, అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, లేదా 108 కి ఫోన్ చేయించు. పోలీసు కేసవుతుందేమోనని చాలామంది ఆగిపోతారు. ఆలోచన వచ్చిందని చెబితే ఏ కేసూ ఉండదు. ప్రయత్నం చేసినవాళ్లని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి, శిక్షించకుండా, వైద్యం, సంరక్షణ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ఇక ఎక్కడికి పోవాలి అన్నది. మన ఊళ్లలో ఏమీ లేవు, అన్నీ హైదరాబాద్ బెంగళూరుల్లోనే అనే మాట ఎక్కువ వింటాను. నిజం కాదు. ఉన్నాయి, చాలావరకు ఉచితంగానే ఉన్నాయి. పిల్లలు మధ్యలో మానేసేది డబ్బుల్లేక కాదు, ఒక చోట దొరికేదాన్ని ఇంకో చోట ఆశించి వెళ్లి, మొదటిసారికే ఉసూరుమని వెనక్కి వచ్చేసి, రెండోసారి వెళ్లకపోవడం వల్ల. అందుకే ఎవరు ఏం చేస్తారో ముందు తెలుసుకో. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, జబ్బు ఏమిటో తేల్చి మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, పద్ధతిగా వారం వారం కూర్చోబెట్టి థెరపీ చేస్తారు. కౌన్సెలర్ అనే మాట మాత్రం మన దగ్గర ఎవరైనా తగిలించుకోవచ్చు, సైకాలజీ పీజీ చేసి మంచి శిక్షణ పొందినవాళ్లూ ఉన్నారు, వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. అడ్మిషన్ కౌన్సెలింగ్ చేసేవాళ్లని కూడా కౌన్సెలరే అంటారు మన కాలేజీల్లో, అందుకని ఎవరి దగ్గరికి పంపుతున్నారో ఒకసారి గట్టిగా అడిగి వెళ్లు.

అన్నిటికన్నా సులువైనది 14416, టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, బెంగళూరులోని నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థ దీనికి ప్రధాన కేంద్రం. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, ఆ నంబరు కలవకపోతే 1800 891 4416 అని ఇంకొకటి ఉంది. ఫోన్ చేశాక భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకుంటే శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనుకుంటే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు, మీ జిల్లాలో ఎక్కడ చూపించుకోవాలో చెప్తారు. దీని బలం ఒకటే, రాత్రి రెండు గంటలకి నీ మాట వినే మనిషి దొరకడం. దీని లోటు కూడా చెప్తాను, ప్రతిసారీ అదే మనిషి ఎత్తాలని లేదు, కాబట్టి నెలల తరబడి సాగాల్సిన థెరపీకి ఇదొక్కటే చాలదు. హాస్టల్ రూమ్‌లో నలుగురుంటారు కదా ఎలా మాట్లాడాలి అంటావేమో. రాత్రి భోజనాలయ్యాక గ్రౌండ్ చుట్టూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తిరుగుతూ మాట్లాడు, మన కాలేజీల్లో సగం మంది ఆ టైంలో చేసే పని అదే, ఎవరూ పట్టించుకోరు.

రెండోది మీ క్యాంపస్‌లోనే ఉండాల్సినది. ఉండాల్సినది అని ఎందుకంటున్నానంటే, 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న అమ్మాయి మరణం మీద వేసిన కేసు అది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరినైనా నియమించాలి, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి అని అందులో ఉంది. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల దగ్గర, వెబ్‌సైట్‌లో కనబడేలా పెట్టాలని కూడా. ఎస్కేయూ, జేఎన్‌టీయూఏ, జంతులూరు సెంట్రల్ యూనివర్సిటీ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, ఎక్కడ చదివినా సరే, ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ అయినా సరే, "స్టూడెంట్ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు" అని అడగడం నీ హక్కు. నేరుగా అడగడానికి మొహమాటమైతే నోటీసు బోర్డు చూడు, డీన్ స్టూడెంట్ అఫైర్స్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టు, పేరు పెట్టక్కర్లేదు, "మా హాస్టల్ వాళ్లకి తెలియాలి" అని రాస్తే చాలు.

అయితే కొన్ని చోట్ల ఆ బాధ్యతని ఎవరో ఒక లెక్చరర్‌కి అప్పగించేసి ఊరుకుంటారు. ఆయన మంచివాడే కావచ్చు, పిల్లలంటే ప్రేమ ఉండొచ్చు, కానీ నీకు ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర నువ్వు అన్నీ విప్పి చెప్పలేవు, చెప్పకూడదు కూడా. అలాంటప్పుడు ఆయనతో చదువు వరకే మాట్లాడు, ఏ సబ్జెక్టు ముందు రాయాలి, సప్లీ ఫీజు గడువు ఎప్పుడు, ఫీజు కట్టడానికి వాయిదా ఇస్తారా లాంటివి. అది తక్కువ సాయమేమీ కాదు. నీ టెన్షన్‌లో సగం ఆ ఫీజు గురించే అని నీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది, దానికి ఏ థెరపీ కన్నా ప్రిన్సిపాల్ ఆఫీసులో మాట్లాడి పెట్టే మేష్టారే ఎక్కువ పనికొస్తాడు.

మూడోది, నీ విషయంలో నేను మొదట పెట్టేది, పెద్దాసుపత్రి. అనంతపురం సర్వజన ఆసుపత్రి, కర్నూలు సర్వజన ఆసుపత్రి, కడప పుట్లంపల్లి దగ్గరున్న రిమ్స్, మూడూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే, మూడింట్లోనూ సైకియాట్రీ ఉంది. మందులు కూడా చాలావరకు అక్కడి ఫార్మసీలోనే ఉచితంగా ఇస్తారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని దేశంలో 1996 నుంచీ ఉంది, సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్, నర్సు ఒక బృందంగా పనిచేయాలన్నది దాని ఉద్దేశం, ఓపీలో అడిగితే వాళ్ల దగ్గరికి పంపుతారు. అంతా బాగానే ఉంటుంది కానీ మొదటి రోజు ఎలా ఉంటుందో ముందే చెప్పకపోతే నువ్వు గేటు దగ్గర నుంచే తిరిగొచ్చేస్తావు.

పొద్దున్నే వెళ్లు. ఓపీ చీటీ కౌంటర్ దగ్గర పెద్ద క్యూ ఉంటుంది, ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు, దగ్గర పెట్టుకో. "ఏ డాక్టరు" అని అడిగితే "సైకియాట్రీ" అని చెప్పు, గట్టిగా చెప్పడం ఇబ్బందైతే ముందే కాగితం మీద రాసి చూపించు. వెనకాల నిలబడ్డవాళ్లు ఏమనుకుంటారో అని కంగారు పడకు, వాళ్ల మోకాళ్ల నొప్పులు, షుగర్ల గొడవలో వాళ్లుంటారు. సైకియాట్రీ గది బయట నీ వయసు వాళ్లు కూడా ఉంటారు, పెద్దగా మాట్లాడేవాళ్లు, కూర్చోలేక అటూ ఇటూ తిరిగేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండొచ్చు, వాళ్లని చూసి "నేను వీళ్లలాంటివాణ్ణా" అని భయపడి వెళ్లిపోయిన పిల్లలున్నారు. చెవి ఓపీ బయట కూర్చుంటే అందరిదీ ఒకే జబ్బని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అంతే. గంటో రెండు గంటలో కూర్చుంటావు, లోపలికి పిలుస్తారు, అక్కడ పీజీ డాక్టర్లుంటారు, పక్కన ఇంకో పేషెంట్ కూడా ఉండొచ్చు. అయిదారు నిమిషాలు, కొన్నిసార్లు పది. ప్రశ్నలు వరసగా వస్తాయి, నిద్ర ఎలా ఉంది, తిండి, ఎన్నాళ్ల నుంచి, ఎవరూ లేనప్పుడు మాటలు వినబడతాయా, తాగుడు సిగరెట్ ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని కూడా అడుగుతారు. నువ్వు మీ నాన్న గురించి మొదలుపెట్టేలోపే అయిపోతుంది.

అందుకే ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద రాసుకో. పెద్ద కథ వద్దు, ఇలా ఉంటే చాలు: "రెండు నెలల నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మళ్లీ పట్టదు. మెస్‌లో రెండు ముద్దలు కూడా దిగడం లేదు, బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. ఫోన్ మోగితే గుండె దడ. ఇంతకుముందు క్రికెట్ ఆడేవాణ్ణి, ఇప్పుడు మంచం దిగబుద్ధి కావడం లేదు. మూడు బ్యాక్‌లాగ్‌లు, ఫీజు బాకీ. నేను లేకపోతే బాగుండు అనిపిస్తోంది, వారంలో మూడు నాలుగు సార్లు." ఇది డాక్టరు చేతిలో పెట్టు. చివరి వాక్యం తీసెయ్యకు, నోటితో చెప్పలేకే కదా కాగితం. పక్కన జనం ఉంటే "సార్, కొంచెం విడిగా మాట్లాడాలి" అని అడుగు, అడిగితే చాలామంది సర్దుతారు. థైరాయిడ్, రక్తం తక్కువవడం, బీ12 తగ్గడం వల్ల కూడా ఇలాగే నీరసం, దిగులు వస్తాయి కాబట్టి రక్త పరీక్షలు రాస్తే విసుక్కోకుండా చేయించుకో.

ఇప్పుడు అసలు మాట. ఆ పది నిమిషాలు అయ్యాక చీటీ మీద రెండు మాత్రలు రాసి రెండు వారాల తర్వాత రమ్మంటే, నీకు తప్పకుండా అనిపిస్తుంది, "ఇంతేనా, నా మాట వినలేదు, మాత్రలు ఇచ్చి పంపేశారు" అని. మన పిల్లల్లో చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఓపీ అనేది వినడానికి పెట్టింది కాదు, ప్రమాదం ఎంత ఉంది, మందు కావాలా వద్దా అని తేల్చడానికి పెట్టింది. వినే పని సైకాలజిస్ట్‌ది, అది ఇంకో గదిలో, ఇంకో రోజు జరుగుతుంది, దాన్ని నువ్వు అడిగి తెచ్చుకోవాలి. "సార్, నాకు కౌన్సెలింగ్ కూడా కావాలి, ఎవరి దగ్గరికి, ఏ రోజు రావాలి" అని లేచేముందు అడుగు. ఆ రోజూ గంటా చీటీ మీద రాయించుకో. రెండోసారి వెళ్లినప్పుడు క్యూ ఎక్కడో తెలుసు, గది తెలుసు, నర్సమ్మ మొహం తెలుసు, డాక్టరు పాత చీటీ చూసి మొదటి నుంచి అడగక్కర్లేదు, అప్పుడు మాట్లాడే టైం మిగులుతుంది. నేను పంపిన పిల్లల్లో బాగుపడినవాళ్లు పెద్ద డాక్టరు దొరికినవాళ్లేమీ కాదు, ఏ డాక్టరైనా సరే మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లే.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తారు అని కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ధైర్యం చెప్పి పంపుతారనుకుంటారు. ధైర్యం చెప్పడానికి మీ మామయ్య చాలడా. నీ విషయమే తీసుకో. మూడు సబ్జెక్టులు పోయాయి అన్నది జరిగింది. "ఇంక నేను పాసవను, నాన్న పరువు పోయింది, అందరూ నన్నే చూస్తున్నారు" అన్నది నీ మనసు దానికి అతికించింది. ఈ రెండింటినీ విడదీసి కాగితం మీద పెట్టిస్తారు, ఆ రెండోదానికి రుజువేమిటి, వ్యతిరేకంగా రుజువేమిటి అని నీతోనే రాయిస్తారు. తర్వాత హోంవర్క్ ఇస్తారు, అవును, నిజంగానే. ఈ వారం రోజూ సాయంత్రం అరగంట గ్రౌండ్‌కి పోయి రా, ఆట ఆడకపోయినా పర్వాలేదు, కూర్చుని రా. మొదటి పీరియడ్ ఒక్కటే అటెండ్ అవ్వు, మిగతావి తర్వాత చూద్దాం. ఇంత చిన్నవాటితో ఏమవుతుందిలే అనిపిస్తుంది, కానీ దిగులు మనిషిని పనులు మాన్పిస్తుంది, పనులు మానేకొద్దీ దిగులు పెరుగుతుంది, ఈ చక్రాన్ని ఎక్కడో ఒక చోట తెంపాలి, మనసు బాగయ్యాక పనులు చేద్దామని కూర్చుంటే తెగదు. ఒక సిట్టింగ్ ముప్పావు గంట నుంచి గంట, వారానికోసారి, రెండు మూడు నెలలు అనుకో. రెండు మూడు సిట్టింగ్‌ల తర్వాత ఆ మనిషితో అస్సలు పొసగడం లేదనిపిస్తే ఇంకొకరిని అడుగు, అందులో తప్పేమీ లేదు, వాళ్లూ ఏమీ అనుకోరు.

మాత్రల సంగతి. డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఇప్పుడు ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. వీటికి అలవాటు పడిపోవడం ఉండదు. కానీ వేసుకున్న రోజే పనిచేసేవీ కావు, రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు మొదటి వారంలో కాస్త వికారం, తలనొప్పి, నిద్ర అటూ ఇటూ అవుతాయి, అంటే ఫలితం కన్నా ఇబ్బంది ముందు వస్తుంది, అందుకే పిల్లలు నాలుగో రోజుకే మానేసి "నాకు పడలేదు" అంటారు. ఇంకో ముఖ్యమైన విషయం, పాతికేళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో అలజడి, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, రెండు వారాలకే మళ్లీ రమ్మనేది అందుకే, అలాంటిదేమైనా అనిపిస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకుండా వెళ్లాలి. బాగయ్యాక మామూలుగా ఆరు నెలలో, కొంచెం ఎక్కువో కొనసాగించి డాక్టరే మెల్లగా తగ్గిస్తారు, జీవితాంతం అన్నది చాలామందికి వర్తించదు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపెయ్యకు. నిజంగా అలవాటు పడేవి వేరే ఉన్నాయి, అల్ప్రజోలం, క్లోనజెపామ్ లాంటి నిద్ర మాత్రలు. డాక్టరు కొద్ది రోజులకి రాస్తే వేసుకో, అంతేగానీ చీటీ లేకుండా మెడికల్ షాపులో తెచ్చుకోవద్దు, రూమ్‌మేట్ దగ్గర ఉన్నవి అసలే వద్దు, వాటి మీద మద్యం తాగడం ప్రాణాంతకం.

ప్రైవేట్ గురించి క్లుప్తంగా. మూడు ఊళ్లలోనూ సైకియాట్రిస్టుల క్లినిక్‌లున్నాయి, సాయంత్రాలు చూస్తారు, క్యూ తక్కువ, ఫీజు ఎంత, ఆ ఫీజు ఎన్ని రోజులు చెల్లుతుంది అని ముందే ఫోన్‌లో అడిగి వెళ్లు. సైకాలజిస్ట్ దొరకడమే మన జిల్లాల్లో కష్టం, వాళ్లు ప్రతి సిట్టింగ్‌కి విడిగా తీసుకుంటారు కాబట్టి నీలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి భారమే. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. "పది రోజుల్లో డిప్రెషన్ మాయం", మైండ్ పవర్, గత జన్మ అని ప్యాకేజీలు చెప్పేవాళ్ల జోలికి పోకు. ఇక్కడ చూపించినా తేలకపోతే, లేదా డాక్టరే పంపితే, బెంగళూరు నిమ్హాన్స్ ఉంది, అనంతపురం నుంచి బస్సులో నాలుగైదు గంటలు, అక్కడ తెలుగు మాట్లాడే డాక్టర్లకి కొదవ లేదు. కానీ మొదటి అడుగే అక్కడ వెయ్యకు, వారం వారం అంత దూరం తిరగలేవు, చివరికి మానేస్తావు.

ఇంట్లో తెలుస్తుందా అన్నావు. నీకు పద్దెనిమిది నిండాయి, నీ వైద్యం వివరాలు రహస్యంగా ఉంచాలని అదే 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతోంది, నీ అనుమతి లేకుండా మీ నాన్నకి గానీ కాలేజీకి గానీ చెప్పకూడదు. మినహాయింపు ఉంది, నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనుకుంటే కాపాడడానికి అవసరమైనంత వరకు చెప్తారు. పద్దెనిమిది లోపు వాళ్లకి, ఇడుపులపాయలో పీయూసీ, అంటే ఇంటర్ స్థాయి చదివే పిల్లల్లాంటి వాళ్లకి, అమ్మానాన్నల ప్రమేయం ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచి, నా సలహా అడిగితే ఇంట్లో చెప్పమనే అంటాను, కానీ ఈ రోజే కాదు, మొత్తం ఒకేసారీ కాదు. డిప్రెషన్ అనే మాటతో మొదలుపెడితే మన ఊళ్లలో పెద్దవాళ్లు హడలిపోతారు, లేదా "మాకు లేని డిప్రెషన్ నీకెందుకొచ్చింది" అంటారు. రాత్రి ఫోన్ చేసి "తిన్నావా" అని అడుగుతారు కదా, అప్పుడు "తిండి సరిగా పోవడం లేదు నాన్నా, నిద్ర కూడా పట్టడం లేదు, పెద్దాసుపత్రిలో చూపించుకున్నా, మందులు ఇచ్చారు, డబ్బులేం కాలేదు" అని చెప్పు. నిద్ర, తిండి అంటే ఏ తండ్రికైనా అర్థమవుతుంది. బ్యాక్‌లాగ్‌ల సంగతి రెండు వారాలయ్యాక, కాస్త నిద్ర పడుతున్నప్పుడు చెప్పు, నువ్వు భయపడుతున్నంత గొడవ రాదు సాధారణంగా, వచ్చినా అప్పటికి తట్టుకునే ఓపిక ఉంటుంది. అమ్మ ముందు తెలిస్తే మేలనుకుంటే అమ్మకే చెప్పు.

గాలి సోకిందనో దిష్టి తగిలిందనో కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికో, కడప పెద్ద దర్గాకో తీసుకెళ్తామంటే గొడవ పడకు, వెళ్లి రా. అమ్మ మనసు కుదుటపడుతుంది, ఒక్కోసారి నీదీ పడుతుంది. తాయెత్తు కట్టినా మాత్ర మానొద్దు, అంతే నా షరతు. గొలుసులు, కొట్టడాలు, రోజుల తరబడి పస్తులు అంటే మాత్రం గట్టిగా కాదను.

ఉద్యోగానికి అడ్డమా? కౌన్సెలింగ్‌కి వెళ్లావన్న సంగతి ఏ కంపెనీకీ తనంతట తాను చేరదు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ వాళ్లకి ఆసుపత్రి కాగితాలు చూసే దారే లేదు. ఇప్పుడు అడ్డమొస్తున్నది వైద్యం కాదు, ఆ మూడు బ్యాక్‌లాగ్‌లు.

ఒక పనికొచ్చే సంగతి, ఓపీ చీటీలు పారెయ్యకు. జేఎన్‌టీయూఏ లాంటి చోట అటెండెన్స్ 75 శాతం కావాలి, 65కీ 75కీ మధ్య పడిపోతే ఆరోగ్య కారణాలు చూపించి కాండోనేషన్, అంటే తగ్గిన అటెండెన్స్‌కి మినహాయింపు అడగొచ్చు, దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ప్రభుత్వాసుపత్రి కాగితానికి విలువ ఎక్కువ. "వైద్యం పొందుతున్నాడు, విశ్రాంతి అవసరం" అని మాత్రమే రాయమని, జబ్బు పేరు వద్దని డాక్టరుని అడుగు. 65 కన్నా తగ్గితే కష్టం, కాబట్టి అది ఎక్కడుందో ఈ వారమే చూసుకో.

నీకు సంబంధం లేకపోయినా చదివే మిగతావాళ్ల కోసం. దిగులు వెనక ర్యాగింగ్ ఉంటే 1800 180 5522, అమ్మాయిలకి వేధింపులుంటే 181, తాగుడు, గంజాయి మానాలనుంటే 14446. కారణం బయట ఉన్నప్పుడు దాన్ని ఆపకుండా మనసుకి ఎంత కౌన్సెలింగ్ చేసినా నిలబడదు.

మీ రూమ్‌మేట్‌కి ఇది చూపిస్తావేమో, వాళ్లకి రెండు మాటలు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, భయపడకుండా అడగండి. సలహాలు తగ్గించి వినండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైనవి ఏవైనా రూమ్‌లో ఉంటే తీసెయ్యండి, "ఎవరికీ చెప్పనని ఒట్టు" అని మాత్రం వెయ్యకండి. ఓపీకి వాడితో పాటు వెళ్లండి, క్యూలో నిలబడే పని మీరు చెయ్యండి, లోపలికి మాత్రం వాణ్ణి ఒక్కణ్ణే మాట్లాడనివ్వండి.

ఆదివారం ఓపీ ఉండదు, పండగ సెలవులకీ ఉండదు, క్యాజువాలిటీ ఒక్కటే. సోమవారం జనం విపరీతం, అందుకని వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లు, ఇంటర్నల్ ఉంటే తర్వాతి రోజు. 14416 కి మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఇది చదవడం అయ్యాక చెయ్.